చలితల్లి కలబందని ఎందుకు ముట్టుకోదు

ఒకప్పుడు కలబంద ఆకు తమలపాకంత పల్చగా ఉండేది. ఎండకి ఎదురుగా పట్టుకుంటే అవతలి వేళ్ళు కనిపించేవి. అంచున ముళ్ళు లేవు, లోపల జిగురు లేదు. చిన్న గాలి వచ్చినా చాలు, ఒళ్ళంతా ఊగిపోయేది.

ఇంకో సంగతి. అప్పట్లో మొక్కలు నడిచేవి. వేళ్ళు మట్టిలోంచి పైకి లాక్కుని, దులుపుకుని, నచ్చిన చోటికి పోయేవి. దాహం వేస్తే ఏటికి పోయేవి. విసుగొస్తే పక్క కొండకి పోయేవి.

కలబంద ఉండేది మంచుమెట్ట అనే కొండ మీద. ఆ కొండ మీదే చలి కూడా ఉండేది. ఆ రోజుల్లో చలి ఊళ్ళలోకి వచ్చేది కాదు. ఏడాది పొడుగునా ఆ కొండ దిగేది కాదు. కింద ఊళ్ళవాళ్ళకి దుప్పటి అంటే ఏమిటో తెలియదు.

చలికి పిల్లలు లేరు. ఆవిడ ముట్టుకున్న పువ్వు రాలిపోయేది. ఆవిడ పిలిచిన పిట్ట ఎగిరిపోయేది. పాపం, ఎవరినీ ఏమీ చెయ్యాలని కాదు. ఆవిడ చెయ్యి అలాంటిది.

ఒకరోజు గాలి ఎక్కడినుంచో ఒక గింజని తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేసింది.

"ఎవరిదిది?" అంది చలి.

"ఏమో. దారిలో దొరికింది. నువ్వే ఉంచుకో" అని గాలి వెళ్ళిపోయింది.

చలి ఆ గింజని ఒక రాతి సందులో పెట్టి, దూరంగా కూర్చుని చూసింది. ఎనిమిదో రోజున మొలక వచ్చింది. పదో రోజున చలి ఆగలేక ఒక్క వేలితో ముట్టుకుంది. మొలక చావలేదు. పైగా ఆ వేలికి చుట్టుకుంది! చలి అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపంతా మంచు బిందువులై కొండంతా పడింది.

ఆ మొలకే కలబంద.

పొద్దున్నే చలి దాని ఆకులు ఒక్కొక్కటే దువ్వేది. పొగమంచు పిండి నీళ్ళు తాగించేది. మధ్యాహ్నం ఒళ్ళో పడుకోబెట్టుకునేది. "నీ ఆకుల్లో నీళ్ళు నిలవవు గనక నా చెయ్యి నిన్నేమీ చెయ్యలేదే అమ్మలూ. నా అదృష్టం" అనేది. కలబందకి ఆ మాట అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా నవ్వేది.

అలా పెరిగింది. పెరిగిన పిల్లలకి కింద ఏముందో చూడాలని ఉంటుంది కదా!

"అమ్మా, కొండ దిగి చూసొస్తానే" అంది ఒకరోజు.

"అక్కడ ఎండ ఎక్కువే."

"పది రోజులే అమ్మా. పదకొండో రోజున నీ ఒళ్ళో ఉంటాను."

చలి కాదనలేకపోయింది. కొండ సగం దాకా వచ్చి సాగనంపి, అక్కడే నిలబడి చాలాసేపు చూసింది.

కొండ దిగువన కుమ్మరిపాలెం అని చిన్న ఊరు. ఊరి మొదట్లో పైడమ్మ ఇల్లు. పైడమ్మ సారె తిప్పి కుండలు చేసేది. ఆవిడ పెనిమిటి వాటిని కావిడికెత్తుకుని సంతలకి తీసుకుపోయేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, నూకాలు. ఏడేళ్ళది.

కలబంద ఆ వాకిట్లోకి వచ్చేసరికి నూకాలు మట్టి పిసుకుతోంది.

"ఎవరే నువ్వు? ఎప్పుడూ చూళ్ళేదు" అంది నూకాలు. దగ్గరికొచ్చి ఆకు పట్టుకుని ఉలిక్కిపడింది. "ఓలమ్మో! నీ ఒళ్ళు ఇంత చల్లగా ఉందేటి?"

"మా అమ్మ చలి. రోజూ నన్ను దువ్వుతుంది."

"మా అమ్మా నన్ను దువ్వుతాది. కానైతే లాగి లాగి దువ్వుతాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ పూటే జట్టు కుదిరింది. నూకాలు తన బుల్లి ముంతతో నీళ్ళు తెచ్చి కలబందకి పోసింది. పాక నీడలో చోటు ఇచ్చింది. కలబంద కొండ మీద కబుర్లు చెబితే, నూకాలు ఊరి కబుర్లు చెప్పేది. తొమ్మిది రోజులు తొమ్మిది నిమిషాల్లా గడిచాయి.

పదో రోజున పైడమ్మ ఆము కాల్చింది. ఆము అంటే ఏమిటో తెలుసా? పచ్చి కుండలన్నీ గుట్టగా పేర్చి, మీద పిడకలూ గడ్డీ కప్పి, పైన మట్టి మెత్తి, కింద నిప్పు పెడతారు. అందులో కాలితేనే మట్టి కుండ అవుతుంది.

ఆరోజు పైడమ్మ పెనిమిటి సంతకి పోయాడు. మూడు రోజులకి గాని రాడు. పైడమ్మ ఒక్కతే అటూ ఇటూ తిరుగుతూ ఆము చూసుకుంటోంది.

ఉన్నట్టుండి గాలి విసిరింది. ఆము మీది మట్టి ఒక పక్క పెచ్చులుగా ఊడిపోయింది. ఆ సందులోంచి మంట నాలుక చాపింది.

కలబంద మంచుమెట్ట మీద పుట్టిన పిల్ల. నిప్పుని ఎన్నడూ చూళ్ళేదు. ఎర్రగా, బంగారంగా, ఊగుతూ ఉంది. ఎంత బాగుందో అనుకుని దగ్గరికి వెళ్ళింది. ఇంకాస్త దగ్గరికి వెళ్ళింది.

"వద్దే! ఇటు రా!" అని నూకాలు అరిచింది. కలబంద వినిపించుకోలేదు. నూకాలు పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో కలబందని అవతలికి తోసేసింది.

సరిగ్గా అప్పుడే మండుతున్న గడ్డి జారి ఆ రెండు చేతుల మీదా పడింది.

పైడమ్మ కేక పాలెమంతా వినిపించింది.

బిడ్డని ఎత్తుకుని నీళ్ళ తొట్టి దగ్గరికి పరుగెత్తింది. చేతుల మీద నీళ్ళు పోస్తూ కూర్చుంది. పోసినంతసేపూ నూకాలు ఏడుపు తగ్గేది. ఆపగానే "మంట! అమ్మా, మంట!" అని గిలగిల్లాడేది. నడివేసవి. బావిలో నీళ్ళే వెచ్చగా ఉన్నాయి. పోసేకొద్దీ తొట్టి ఖాళీ అయింది.

ఆకుమందు తెలిసిన ముసలమ్మ లచ్చుమమ్మ వచ్చి చూసింది. చేతులు మెల్లిగా తిప్పి చూసింది.

"వేడి లోపలికి దిగిపోయిందే పైడీ" అంది చివరికి. "ఇది నీళ్ళతో పోదు. ఒంటిమీద పెడితే ఆరిపోకుండా, జారిపోకుండా ఉండే చల్లదనం కావాల. అదెక్కడ తెస్తాం ఈ ఎండల్లో?"

"దొరక్కపోతే?" అంది పైడమ్మ.

లచ్చుమమ్మ దగ్గరికి జరిగింది. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి కూర్చుంది.

కలబంద ఇదంతా పాక మూల నుంచి వింది. తన ఆకు ఒక్కటి కూడా కమలలేదు. నూకాలు చేతులు మాత్రం అలా ఉన్నాయి.

"పైడమ్మత్తా" అంది కలబంద. "చల్లదనం ఎక్కడుందో నాకు తెలుసు. నేను తెస్తాను."

పైడమ్మ ఆ మొక్క వంక చూసింది. "నీవల్లే" అనాలనిపించింది. నోటిదాకా వచ్చింది. కానీ అనలేదు. "వెళ్ళమ్మా. బేగి రా" అని మాత్రం అంది.

కలబంద కొండ ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. సగం దారిలో చలి ఎదురొచ్చింది. కూతురిని సాగనంపిన చోటే నిలబడి ఉంది పాపం! పది రోజులుగా అక్కడే ఉంది.

"వచ్చావా అమ్మలూ! ఒకరోజు ముందే వచ్చావే!" అని చేతులు చాపింది.

కలబంద ఆ చేతుల్లో వాలి, జరిగిందంతా చెప్పింది. చలి అంతా వింది. తర్వాత కొండ మీది తన గుహలోకి వెళ్ళి, దాచుకున్న మంచుగడ్డ ఒకటి తెచ్చి, పెద్ద ఆకుల్లో చుట్టి ఇచ్చింది. కలబంద అది పట్టుకుని పరుగెత్తింది. కొండ దిగేలోపే ఆకుల్లోంచి నీళ్ళు కారాయి. కొండ అడుగున కాలు పెట్టేసరికి ఆ నీళ్ళు కూడా లేవు. తడి ఆకులు మిగిలాయి. ఊళ్ళోంచి నూకాలు మూలుగు అక్కడికి వినిపిస్తోంది.

మళ్ళీ వెనక్కి ఎక్కింది.

"అమ్మా, కరిగిపోయింది. ఇంకేదైనా దారి చెప్పు."

చలి తల వంచుకుంది.

"ఒకటుంది. కానీ చెప్పను."

"అమ్మా!"

"చెప్పనంటే చెప్పను. ఇంకేదైనా అడుగు."

"ఆ పిల్ల నన్ను తోసింది గనక నేను ఇలా ఉన్నానే. లేకపోతే నీకు బూడిదే మిగిలేది."

చలి ఒక రాతి మీద కూలబడింది. తర్వాత కూతురి వంక చూడకుండా చెప్పింది.

"కొండ రాళ్ళలో ఊరే నా ఊట నీళ్ళు నీ ఆకుల్లో నింపాలి. అవి కారిపోకుండా నీ ఆకులు మందంగా కావాలి, తోలు బిగుసుకోవాలి. అప్పుడు ఎంత ఎండలో పోయినా లోపలి చల్లదనం అలాగే ఉంటుంది. ఆకు విరిచి రాస్తే మంట చల్లారుతుంది."

"అయితే నింపమ్మా! ఇంకా చూస్తావేం?"

"మిగతాది విను. నీ ఆకుల్లో నీళ్ళు లేవు గనకే నా చెయ్యి నిన్నేమీ చెయ్యలేదని చెప్పేదాన్ని కదా. ఇకనుంచి నీ నిండా నీళ్ళే. నేను ముట్టుకుంటే ఆ నీళ్ళు లోపలే గడ్డకడతాయి. గడ్డకట్టి నీ ఆకులు పగుల్తాయి. మళ్ళీ ఎండ రాగానే కుళ్ళిపోయి ముద్దవుతావు. ఇక నేను నిన్ను దువ్వలేను. ఒళ్ళో పడుకోబెట్టుకోలేను. నేనున్న కొండకి నువ్వు రాలేవు."

కలబందకి చిన్నప్పటినుంచి వింటున్న మాట అప్పుడు అర్థమైంది.

"ఎన్నాళ్ళు?" అంది మెల్లిగా.

"ఎప్పటికీ."

కలబంద ఏడ్చింది. వెళ్తానని అనలేదు, వెళ్ళనని అనలేదు. చలి కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది.

చలి వంగి దాని ఆకులు ఒక్కొక్కటే దువ్వింది. ఆరోజు చాలా నెమ్మదిగా దువ్వింది. దువ్వడం అయ్యాక అంది, "కింద ఆ పిల్లకీ అమ్మ ఉందన్నావు. ఆవిడకీ ఒక్కతే అన్నావు. పదమ్మా."

రాతి ఊట దగ్గర కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. దోసిలితో ఒక్కో ఆకులో నీళ్ళు నింపింది. నింపిన ఆకు నింపినట్టే ఉబ్బింది, బరువెక్కింది. పల్చటి తోలు దళసరి అయింది. దారిలో పశువులు దాహానికి నమిలేస్తాయేమోనని అంచుల వెంబడి రేగుముళ్ళలాంటి చిన్న ముళ్ళు కుట్టింది. లోపల నీళ్ళు ఇంకా కదులుతున్నాయి గనక అప్పటిదాకా గడ్డకట్టలేదు. ఆఖరి ఆకు నిండగానే గబుక్కున కూతురిని ఒళ్ళోంచి దించేసి, నాలుగు అడుగులు వెనక్కి వేసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, పక్కనున్న తీగతో తనే గట్టిగా కట్టేసుకుంది.

"ఇదేమిటమ్మా?"

"నిన్ను దువ్వడం అలవాటైన చేతులు. ఆగవు. నువ్వు వెళ్ళు తల్లీ."

కలబంద దిగింది. ఈసారి పరుగెత్తలేకపోయింది. ఒళ్ళంతా బరువు. ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వచ్చింది. నడినెత్తిన ఎండ కాల్చింది. ఆకుల కొనలు ఎర్రబారి మాడాయి. అయినా లోపలి చల్లదనం చుక్క కూడా తగ్గలేదు.

వాకిట్లోకి వచ్చి, "పైడమ్మత్తా, విరువు" అంది.

పైడమ్మ ఆ మొక్కని గుర్తుపట్టలేదు. గొంతు విని గుర్తుపట్టింది. "నిన్ను విరిస్తే నొప్పి పుట్టదేటమ్మా?" అంది.

"పుడుతుంది. విరువు."

పైడమ్మ ఒక ఆకు విరిచింది. లోపల గాజులా తేటగా, జిగురుగా, చల్లగా ఉంది. ఆ జిగురు తీసి బిడ్డ చేతులకి మెల్లిగా పూసింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి పూసేసరికి నూకాలు ఏడుపు ఆగింది. "అమ్మా, చల్లగా ఉంది" అంది. అని, తల్లి తొడ మీదే నిద్రపోయింది. రెండు రోజులుగా నిద్ర లేదు దానికి.

లచ్చుమమ్మ మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

పైడమ్మ పెనిమిటి సంత నుంచి వచ్చేనాటికి చేతులకి కట్లున్నాయి గాని, పిల్ల గంజి తాగుతోంది. ఆయన కావిడి దించి పిల్ల పక్కన చతికిలబడ్డాడు. నెల తిరిగేసరికి పుళ్ళు మానాయి. మచ్చలు మాత్రం ఉండిపోయాయి.

కలబంద ఇక నడవలేకపోయింది. ఒంట్లో అంత నీళ్ళు పెట్టుకుని ఎవరు నడవగలరు? వాకిట్లోనే వేళ్ళు పాతుకుంది. నూకాలు రోజూ పక్కన కూర్చునేది. "మీ అమ్మ దగ్గరికి ఎప్పుడు పోతావే?" అని అడిగేది. కలబంద మాట మార్చేది.

వానలు వచ్చాయి, పోయాయి. మార్గశిరం వచ్చింది. అక్కడ కొండ మీద చలి ఏడు నెలలు ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేకపోయింది. "ముట్టుకోను. దూరం నుంచి చూసి వచ్చేస్తాను" అనుకుంది. పుట్టాక మొదటిసారి కొండ దిగింది.

తెల్లవారుతుండగా కుమ్మరిపాలెం చేరింది. ఊరివాళ్ళు లేచి, "ఇదేమిటి, పళ్ళు కొట్టుకుంటున్నాయి!" అని వింతపడ్డారు. చలి ఎవరినీ చూడలేదు. పైడమ్మ వాకిటి కంచె అవతల నిలబడి కూతురిని చూసింది.

"అమ్మలూ."

"అమ్మా! వచ్చావా!" అంది కలబంద. "అంత దూరంలో నిలబడ్డావేం? ఇంకొంచెం ఇటు రా. కొంచెమే."

వద్దని ఇద్దరికీ తెలుసు. అయినా చలి ఒక్క అడుగు వేసింది. ఒకే ఒక్క అడుగు. ముట్టుకోలేదు, చెయ్యి కూడా చాపలేదు.

కంచె వైపు ఉన్న ఆకు గాజులా బిగుసుకుంది. చిట్లిన చప్పుడు వినిపించింది. కాసేపట్లో ఎండ పొడ తగలగానే ఆ ఆకు నల్లబడి, మెత్తబడి, నీరై కిందికి జారింది.

"అయ్యో!" అని చలి వెనక్కి పరుగెత్తింది. ఆ కేకకి పైడమ్మ బయటికి వచ్చింది. జారిపోయిన ఆకు చూసింది. కంచె అవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ ఆవిడనీ చూసింది. కలబంద ఇన్నాళ్ళూ దాచిన సంగతి ఆ వాకిట్లో నిలబడే చెప్పింది.

పైడమ్మ ఒక్క క్షణం ఆగలేదు. అరుగు మీద కొత్తగా కాల్చిన కుండ ఉంది. దాని అడుగున చిల్లు పొడిచి, ఇసుక కలిపిన మట్టి పోసి, కలబందని వేళ్ళతో సహా ఎత్తి అందులో పెట్టింది. కుండని చంకనెత్తుకుని ఇంట్లోకి తీసుకుపోయింది. గడప దాటేముందు వెనక్కి తిరిగింది.

"వదినా" అంది చలిని. "నా బిడ్డని నాకిచ్చావు. నీ బిడ్డని నీకు చూపించలేకపోతున్నాను."

ఆ మాటకి చలి తల ఊపింది. పెళ్ళిలో అప్పగింతలప్పుడు తల్లి చెప్పినట్టే చెప్పింది.

"దాన్ని నీకు అప్పగిస్తున్నాను వదినా. ఒళ్ళు నిండా నీళ్ళున్న పిల్ల, రోజూ నీళ్ళు పొయ్యకు. మట్టి ఆరాక పొయ్యి. ఏటా నేను కింద ఉండే నాలుగు నెలలూ ఇంకా తక్కువ పొయ్యి. వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెట్టు. వెచ్చగా ఉండాలని పొయ్యి పక్కన మాత్రం పెట్టకు, సెగకి వాడిపోతుంది. నడివేసవిలో ఎండలో వదిలెయ్యకు, కొనలు ఎర్రబడతాయి. నీకు హాయిగా ఉన్న చోటే దానికీ హాయి."

"అలాగే వదినా. నా నూకాలు ఎలాగో ఇదీ అలాగే."

"ఇంకొక్క మాట. రాకుండా ఉండలేను. ఏడాదికోసారి వచ్చి నాలుగు నెలలుంటాను. వచ్చేముందు పొగమంచుని పంపుతాను. పొద్దున్నే అది కనిపించగానే నా పిల్లని లోపలికి తీసుకుపో. నేనడిగినా బయటికి తేవద్దు."

లోపల కుండలోంచి కలబంద "అమ్మా" అంది. చలి గోడకి చెవి ఆనించి నిలబడింది. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయింది. ఎండెక్కాక కొండ దారి పట్టింది.

అప్పటినుంచే కలబంద ఆకు మందంగా, ముళ్ళతో, చల్లటి జిగురుతో ఉంటోంది. అప్పటినుంచే గట్టి చలి తగిలితే ఆకు గాజులా మారి, నల్లబడి, నీరైపోతోంది. అప్పటినుంచే పొగమంచు మొదలవగానే మనం కుండీని ఎత్తి ఇంట్లోకి తెచ్చుకుంటున్నాం. చలి కూడా అప్పటినుంచే ఏటేటా ఊళ్ళలోకి దిగుతోంది. తెల్లవారుజామున ప్రతి ఇంటి కిటికీ దగ్గరా ఆగుతుంది, తలుపు సందుల్లోంచి తొంగిచూస్తుంది. "చలి వస్తోంది, తలుపెయ్యండి" అంటారు ఇంట్లోవాళ్ళు. ఎవరి కోసం వస్తోందో ఎవరూ అడగరు.